ముందే తెలిసిన చలి

1986 జనవరి ఆఖరి వారంలో ఫ్లోరిడా తీరాన వాతావరణ నిపుణులు ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రయోగం కోసం రెండు జోస్యాలు చెప్పారు. ఆదివారం వాన పడుతుందన్నారు. అది తప్పింది. మంగళవారం తెల్లవారుజామున నీళ్ళు గడ్డకట్టే చలి వస్తుందన్నారు. అది నిజమైంది. తప్పిన జోస్యాన్ని నమ్మి ప్రయోగం ఆపుకున్నారు. ఫలించబోయే జోస్యాన్ని చేతిలో పెట్టుకుని, రాత్రంతా దాని గురించే వాదించుకుని, తెల్లారాక ప్రయోగం జరిపించారు. ఏడుగురు మనుషులు పోయారు.

ఆ ఏడుగురినీ ముందు పేరుపేరునా తలుచుకోవాలి. కమాండర్ డిక్ స్కోబీ, 1984లో ఇదే ఛాలెంజర్‌ను పైలట్‌గా నడిపినవాడు. పైలట్ మైకేల్ స్మిత్‌కు ఇదే తొలి ప్రయాణం. ఎలక్ట్రికల్ ఇంజనీరు జూడిత్ రెస్నిక్, అమెరికా నుంచి అంతరిక్షానికి వెళ్ళిన రెండో మహిళ. దక్షిణ కెరొలినాలోని చిన్న ఊరినుంచి వచ్చి భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్న రొనాల్డ్ మెక్‌నేర్ మంచి శాక్సఫోన్ వాద్యకారుడు. ఈసారి కక్ష్యలో వాయించాలని ముచ్చటపడ్డాడు. ఉపగ్రహాల ఇంజనీరు గ్రెగరీ జార్విస్ సీటు అంతకుముందు రెండుసార్లు రాజకీయ నాయకులకు పోయింది. ఓపిగ్గా మూడోసారికి కాచుకున్నాడు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ హైస్కూల్ టీచరు క్రిస్టా మెకాలిఫ్, 11,000 మందికి పైగా దరఖాస్తు పెట్టుకుంటే వాళ్ళలోంచి ఎంపికైంది. ఆమె కక్ష్యలోంచి రెండు పాఠాలు చెప్పాలి. ఆ టీచరమ్మ వెళ్తోందనే దేశమంతటా బడిపిల్లలు ఆ ఉదయం టీవీల ముందు చేరారు.

ఏడోవాడు ఎలిసన్ ఒనిజుకా, హవాయిలో పుట్టిపెరిగిన జపాన్ సంతతి మనిషి. అతని కథ విడిగా చెప్పుకోవాలి. అతను మొదటిసారి అంతరిక్షానికి వెళ్ళింది దాదాపు ఏడాది ముందు, 1985 జనవరి 24న, డిస్కవరీ షటిల్‌లో. ఆ వారం కూడా ఫ్లోరిడాను చలి కమ్మేసింది. ప్రయోగం ఒకరోజు వాయిదా వేశారు. బయల్దేరే వేళకు బూస్టరు రాకెట్ల అతుకుల దగ్గర ఉష్ణోగ్రత 53 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు 12 డిగ్రీల సెల్సియస్. ప్రయాణం సుఖంగా ముగిసింది. సముద్రంలో పడిన బూస్టర్లను లాక్కొచ్చి విప్పి చూసినప్పుడు మాత్రం ఇంజనీర్ల గుండె ఝల్లుమంది. రెండు రబ్బరు రింగుల మధ్య పూసిన గ్రీజు మసితో నల్లబడి ఉంది. మొదటి రింగును దాటుకుని మంట లోపలికి చొరబడిందన్నమాట. రెండోది నిలబడబట్టి మనుషులు బతికారు. గండం తన పక్కనుంచే వెళ్ళిందని ఒనిజుకాకు ఎవరూ చెప్పలేదు. మరుసటి జనవరిలో, అంతకన్నా పెద్ద చలిలో, అతను మళ్ళీ బండెక్కాడు.

ఆ అతుకుల సంగతి తెలిస్తేనే తక్కిన కథ అర్థమవుతుంది. షటిల్‌కు రెండు పక్కలా ఉండే ఘన ఇంధన బూస్టర్లు ఒక్కొక్కటి 45 మీటర్ల ఎత్తు. యూటా రాష్ట్రంలో మోర్టన్ థయోకాల్ కంపెనీ వాటిని ముక్కలుగా తయారుచేసి రైల్లో పంపిస్తే, ఫ్లోరిడాలోని కెనడీ అంతరిక్ష కేంద్రంలో ఒకదానిమీద ఒకటి నిలబెట్టి బిగించేవారు. ముక్కకూ ముక్కకూ మధ్య అతుకులో రెండేసి రబ్బరు రింగులు. వాటిని ఓ-రింగులంటారు. చుట్టుకొలత చూస్తే 37 అడుగులు. మందం పావు అంగుళానికి కాస్త ఎక్కువ. ఇంధనం అంటుకున్న మరుక్షణం లోపలి ఒత్తిడికి అతుకు రవ్వంత విచ్చుకుంటుంది. రబ్బరు వెంటనే ఉబికి ఆ సందును మూసెయ్యాలి. కుక్కర్ రబ్బరు గట్టిపడితే ఆవిరి పక్కలనుంచి తన్నుకొస్తుందని వంట చేసేవాళ్ళందరికీ తెలుసు. ఇక్కడ తన్నుకొచ్చేది ఉక్కును కరిగించే మంట. చలికి రబ్బరు బిగుసుకుంటే ఉబకడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం సెకనులో చిన్న ముక్కే అయినా చాలు.

మసి పట్టిన ఆ గ్రీజును కళ్ళారా చూసినవాడు థయోకాల్ ఇంజనీరు రోజర్ బోజొలే. 1985 జులై 31న అతను కంపెనీ పెద్దలకు లేఖ రాశాడు. ఈ అతుకు సంగతి వెంటనే తేల్చకపోతే మనుషుల ప్రాణాలు పోయేంతటి ఘోరం జరుగుతుందని అందులో దాపరికం లేకుండా చెప్పాడు. ఒక బృందాన్ని వేశారు. దానికి మనుషులు చాలలేదు, సామగ్రి అందలేదు. షటిళ్ళు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

ఇక ఆ జనవరికి వద్దాం. 22న అనుకున్న ముహూర్తం జరిగి జరిగి 25కు వచ్చింది. ప్రయోగం మధ్యలో ఏదైనా తేడా వస్తే అట్లాంటిక్ అవతల ఆఫ్రికాలో దిగాలి. అక్కడ డకార్ దగ్గర వాతావరణం బాగోలేకపోవడం ఆ వాయిదాలకు ఒక కారణం. ఏర్పాట్లు వేళకు పూర్తికాక మళ్ళీ 26 ఆదివారానికి మార్చారు. శనివారం సాయంత్రం వాతావరణ నివేదిక వచ్చింది, తెల్లారేసరికి వాన అని. ఆపేశారు. తీరా చూస్తే వాన తెచ్చే మేఘాలు దారిలోనే నిలిచిపోయాయి. ఆదివారం ఉదయం ప్రయోగానికి ఏ అడ్డూ లేనట్టు తెల్లవారింది. 27 సోమవారం వ్యోమగాములు లోపల కూర్చున్నాక తలుపు బయటి పిడి ఊడిరాలేదు. దాని బోల్టుతో కుస్తీపట్టి చివరికి రంపంతో కోసేలోపు, అత్యవసరంగా దిగాల్సిన రన్‌వే మీద అడ్డగాలి హద్దు దాటింది. మళ్ళీ రద్దు. నిన్న ఆకాశం బాగుంటే మనం సిద్ధంగా లేము, నేడు మనం సిద్ధమయ్యేసరికి గాలి లేచింది. ఇన్ని వాయిదాలతో విసిగిన మనుషుల చేతికి ఆ మధ్యాహ్నం అసలు నివేదిక అందింది.

ఉత్తరాన్నుంచి చలిగాలి దిగుతోంది. అర్ధరాత్రికి గడ్డకట్టే స్థాయి, తెల్లవారుజామున ఆరింటికి 22 డిగ్రీల ఫారన్‌హీట్, ప్రయోగం అనుకున్న 9 గంటల 38 నిమిషాలకు 26. సెల్సియస్‌లో చెప్పాలంటే మైనస్ ఐదున్నర, మైనస్ మూడు. నారింజ తోటల నేల మీద ఆ అంకెలు ఎవరినైనా ఉలిక్కిపడేట్టు చేస్తాయి. చేశాయి కూడా. యూటాలో బాబ్ ఎబెలింగ్ అనే ఇంజనీరు ఆ సంగతి వినగానే తన వాళ్ళని కూడగట్టాడు. ఫ్లోరిడాలో ఉన్న సహోద్యోగి అలన్ మెక్‌డొనాల్డ్ చేత గంటగంట అంచనాలూ తెప్పించాడు. ప్రయోగం ఆపాల్సిందేనని అందరూ ఒక్కమాట మీదికి వచ్చారు.

ఆ రాత్రి 8 గంటల 45 నిమిషాలకు ఫోన్ల మీద సమావేశం మొదలైంది. ఒక కొస యూటాలో థయోకాల్, మరో కొస అలబామాలో నాసా మార్షల్ కేంద్రం, మూడోది కెనడీ అంతరిక్ష కేంద్రం. మొత్తం 34 మంది. బోజొలే, అతని మిత్రుడు ఆర్నీ థామ్సన్ చెప్పిందల్లా ఒక్కటే: మాకు అనుభవంలో ఉన్న అతి తక్కువ ఉష్ణోగ్రత 53 డిగ్రీలు. అప్పుడే మంట మొదటి రింగును దాటింది. అంతకన్నా చల్లగా ఉంటే పంపొద్దు. కంపెనీ ఇంజనీరింగ్ పెద్ద బాబ్ లుండ్ కూడా అదే సిఫార్సు చేశాడు.

అవతలివైపు కస్సుమన్నారు. అంతకుముందు అక్టోబరులో, 75 డిగ్రీల వెచ్చటి రోజున వెళ్ళిన షటిల్‌లోనూ మసి కనిపించింది కదా, మరి చలికీ దీనికీ ముడేమిటన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సరైన జవాబు వాళ్ళ దగ్గరున్న కాగితాల్లోనే ఉంది. అన్ని ప్రయోగాలనూ, దెబ్బ తిన్నవాటితో పాటు తిననివాటినీ, ఉష్ణోగ్రత వారీగా ఒకే పటం మీద గుర్తుపెడితే సరిపోయేది. తర్వాత దర్యాప్తు సంఘం ఆ పని చేసింది: 66 డిగ్రీలు, ఆపైన ఉన్న 20 ప్రయోగాల్లో మూడింటిలోనే రింగులు దెబ్బతిన్నాయి, 63, అంతకన్నా దిగువన ఉన్న నాలుగింటిలో నాలుగూ దెబ్బతిన్నాయి. ఆ ఒక్క పటం ఆ రాత్రి ఎవరికీ తట్టలేదు. ఈ కథలో మనసును పిండేసే చోట్లు చాలా ఉన్నా, నాకు ఇది వాటిలో మొదటిది.

మార్షల్ కేంద్రంలో జార్జ్ హార్డీ, ఈ సిఫార్సు విని నిర్ఘాంతపోయానన్నాడు; కంపెనీ వద్దంటే మాత్రం ప్రయోగించననీ అన్నాడు. బూస్టర్ల వ్యవహారం చూసే లారీ ములాయ్, మరి నన్ను ఎప్పుడు ప్రయోగించమంటారు, వచ్చే ఏప్రిల్‌లోనా అని విసుక్కున్నాడు. మాట అక్కడ తిరిగిపోయింది. ఎప్పుడూ నాసా అడిగేది, ఎగరడానికి భయం లేదని రుజువు చెయ్యండి అని. ఆ రాత్రి అడిగింది, ఎగిరితే భయమని రుజువు చెయ్యండి అని. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటి ప్రశ్నకు జవాబు లేకపోతే రాకెట్టు ఆగుతుంది. రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే రాకెట్టు లేస్తుంది.

ఐదు నిమిషాలు మాలో మేం మాట్లాడుకుంటామని యూటా వాళ్ళు ఫోన్ మ్యూట్ చేశారు. ఆ ఐదు నిమిషాలు అరగంటయ్యాయి. థామ్సన్ లేచివెళ్ళి పెద్దల ముందు బల్లమీద కాగితం పరిచి అతుకు బొమ్మ గీసి చూపించాడు. బోజొలే మసి పట్టిన రింగుల ఫొటోలు వాళ్ళ ముందుకు తోసి, కళ్ళతో చూడండి, ఫొటోలు చెబుతున్నది వినండి అన్నాడు. ఎదురుగా ఉన్న ముఖాల్లో చలనం లేదు. ఇద్దరూ తిరిగొచ్చి కూర్చున్నారు. నలుగురు మేనేజర్లు మిగిలారు. వాళ్ళలో పెద్దవాడు జెరల్డ్ మేసన్, లుండ్ వైపు తిరిగి, ఇంజనీరు టోపీ తీసేసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. లుండ్ పెట్టుకున్నాడు. మళ్ళీ లైన్లోకి వచ్చి, సరే, ప్రయోగించవచ్చు అన్నారు.

కాగితం మీద సంతకం కావాలన్నారు. ఫ్లోరిడాలో కంపెనీ తరఫున ఉన్న మెక్‌డొనాల్డ్ చెయ్యనన్నాడు. సంతకం యూటానుంచి ఫ్యాక్స్‌లో వచ్చింది. ఆయన అక్కడితో ఊరుకోలేదు. మూడు కారణాలు చెప్పాడు: రింగులకు చలి, బూస్టర్లను ఏరుకొచ్చే ఓడలు సముద్రంలో తుఫాను గాలికి తమను కాపాడుకోవడానికే తీరంవైపు వస్తున్నాయి, ప్రయోగ వేదిక మీద మంచు పేరుకుంటుంది. రేపు ఏమైనా జరిగితే, దర్యాప్తు ముందు నిలబడి ఎందుకు పంపామో చెప్పే మనిషిని నేను కాదలచుకోలేదన్నాడు. ఇవన్నీ పైవాళ్ళకు చెబుతామన్నారు. రింగుల గొడవ మాత్రం ప్రయోగానికి ఆఖరి అనుమతి ఇచ్చే పెద్దల దాకా పోనేలేదు.

రాత్రి చెప్పినట్టే చలి దిగింది. వేదిక మీది నీటి గొట్టాలు గడ్డకట్టి పగలకుండా కుళాయిలు సన్నగా వదిలిపెట్టారు. ఆ నీళ్ళు గాలికి చెదిరి, ఇనుప మెట్లమీదా పట్టాలమీదా గడ్డకట్టాయి. తెల్లవారేసరికి టవరు నిండా మంచు ఊడలు వేలాడుతున్నాయి. పనివాళ్ళు మంచు ఏరి పారేశారు. కాలిఫోర్నియాలో షటిల్ తయారీ కంపెనీ రాక్‌వెల్ వాళ్ళు టీవీలో ఆ దృశ్యం చూసి కంగారుపడ్డారు. ఊడిన మంచుగడ్డలు షటిల్‌కు తగిలితే ఏమవుతుందో మేం పూచీ ఇవ్వలేమన్నారు. ఒక పరికరం లోపంతో పాటు మంచు కరగడానికీ గడువు కావాలని 9:38 ముహూర్తాన్ని 11:38కి జరిపారు. ఎండ వచ్చింది. ఆకాశం నీలంగా మెరిసింది. గాలి ఉష్ణోగ్రత 36 డిగ్రీలకు, అంటే సెల్సియస్‌లో రెండుకు చేరింది. అంతకుముందు ఏ ప్రయోగమూ చూడనంత చలి అది. మునుపటి రికార్డుకన్నా 15 ఫారన్‌హీట్ డిగ్రీలు తక్కువ. కానీ ప్రయోగ నియమావళిలో 31 నుంచి 99 డిగ్రీల మధ్య ఉంటే చాలని రాసి ఉంది. రూలు ప్రకారం అంతా సవ్యమే. పైగాలులు కొలవడానికి బెలూన్లు వదిలారు. అవీ హద్దులోనే ఉన్నాయి.

బూస్టర్లు అంటుకున్న సెకను లోపే కుడి బూస్టరు అడుగు అతుకులోంచి నల్లటి పొగ ఊదినట్టు ఎగిసింది. ఒకటి కాదు, రెండు కాదు, వరసగా. కెమెరాలు చూశాయి, ఆ క్షణాన మనుషులెవరూ చూడలేదు. చల్లబడ్డ రబ్బరు వేళకు ఉబకలేదు. తర్వాత పొగ ఆగింది. ఇంధనం కాలగా వచ్చిన మడ్డి ఆ సందును పూడ్చి ఉంటుందని నిపుణుల ఊహ. అలా దాదాపు రెండు నిమిషాలు గడిచి ఉంటే బూస్టర్ల పని అయిపోయేది, అవి ఊడి సముద్రంలో పడేవి. ఆ రెండు నిమిషాలు దొరకలేదు. 37వ సెకను నుంచి పైగాలుల కోత మొదలైంది. అంతకుముందు ఏ ప్రయాణంలోనూ షటిల్ స్టీరింగు అంతగా పెనుగులాడలేదు. 58వ సెకను దాటాక అతుకు దగ్గర చిన్న మంట కనబడింది. అది పక్కనున్న పెద్ద ఇంధన ట్యాంకును నాకింది. 73వ సెకనులో, 14 కిలోమీటర్ల ఎత్తున, ఛాలెంజర్ ముక్కలైంది.

యూటాలో ఎబెలింగ్, బోజొలే పక్కపక్కన కూర్చుని టీవీ చూస్తున్నారు. వాళ్ళ భయమంతా రాకెట్టు అంటుకునే క్షణం గురించే. అది టవరు దాటి పైకి లేవగానే గండం గడిచిందనుకున్నారు. దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నానని ఎబెలింగ్ మిత్రుడి చెవిలో అన్నాడు. ఆ మాట అన్న కాసేపటికే తెరమీద పొగ రెండుగా చీలింది. ఫ్లోరిడాలో గ్యాలరీల్లో కూర్చున్నవాళ్ళకు ఏం జరిగిందో వెంటనే అర్థం కాలేదు. బూస్టర్లు విడిపోవడం ఇలాగే ఉంటుందేమోనని కొందరు చప్పట్లు కొట్టారు. ఆ గ్యాలరీల్లోనే క్రిస్టా తల్లిదండ్రులున్నారు.

వ్యోమగాములున్న గది ఆ ముక్కల్లోంచి విడిపడి ఇంకా పైకి లేచి, తర్వాత పడిపోవడం మొదలుపెట్టింది. సముద్రాన్ని తాకడానికి రెండు నిమిషాల 45 సెకన్లు పట్టింది. అత్యవసర గాలి సంచుల్లో దొరికిన నాలుగింటిలో మూడు తెరిచి ఉన్నాయి. అంటే కొందరికైనా తెలివి ఉంది, చేతులు పనిచేశాయి. అంతకు మించి దాని గురించి చెప్పడానికి మనసు రాదు.

ఫిబ్రవరి 11న దర్యాప్తు సంఘం బహిరంగ సమావేశంలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కనొకదాన్ని చిన్న బిగింపులో నొక్కి, తన ముందున్న ఐసునీళ్ళ గ్లాసులో ముంచాడు. తీసి వదిలితే అది వెంటనే తన రూపానికి రాలేదు. బోజొలే ఫొటోలతో, థామ్సన్ బొమ్మతో ఒప్పించలేకపోయినదాన్ని ఆ గ్లాసు లోకానికంతటికీ ఒప్పించింది. కానీ రాత్రి చెప్పిన మాటకూ పగలు చూపిన ప్రయోగానికీ మధ్య ఏడుగురి చావు ఉంది. రెండున్నరేళ్ళకు పైగా షటిళ్ళు ఎగరలేదు. అతుకును మళ్ళీ రూపొందించి మూడో రింగు, చలికి గట్టిపడకుండా హీటర్లూ పెట్టారు. ఆ పనికి నాయకత్వం వహించింది సంతకం చెయ్యనన్న మెక్‌డొనాల్డే. నిజం చెప్పినందుకు కంపెనీ ఆయన్ని పక్కన పెడితే, అమెరికా చట్టసభ కలగజేసుకోవాల్సి వచ్చింది.

బోజొలే ఉద్యోగం వదిలేసి, ఇంజనీరు ధర్మం గురించి ఊరూరా కాలేజీల్లో చెబుతూ 2012లో పోయాడు. ఎబెలింగ్ కొంతకాలానికి రిటైరై, వరదకు పాడైన ఒక పక్షుల సంరక్షణ కేంద్రాన్ని తిరిగి నిలబెట్టడంలో తన చేతులకు పని కల్పించుకున్నాడు. ఆ పనికి దేశాధ్యక్షుడి మెప్పు కూడా దక్కింది. మనసు మాత్రం కుదుటపడలేదు. ఆ రాత్రి మరొకరైతే ఒప్పించగలిగేవారేమోనని, ఆ పనికి దేవుడు తనను ఎంచుకోవడమే పొరపాటని 30 ఏళ్ళు కుమిలిపోయాడు. 2016 జనవరిలో ఆ మాట ఒక రేడియో ఇంటర్వ్యూలో చెబితే, తప్పు నీది కాదంటూ ఎక్కడెక్కడినుంచో వందల ఉత్తరాలు వచ్చాయి. వాటితో భారం దిగిందన్నాడు. మార్చిలో, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. హెచ్చరించినవాడు ముప్ఫయ్యేళ్ళు తనను తాను క్షమించుకోలేకపోవడం ఈ కథలో ఎనిమిదో నష్టం.

ఇక్కడితో ముగిసినా బాగుండేది. 2003 జనవరిలో కొలంబియా షటిల్ లేస్తుండగా ట్యాంకు మీది నురుగు ముక్క ఊడి రెక్కకు తగిలింది. ఎంత దెబ్బ తగిలిందో చూడటానికి కక్ష్యలో ఫొటోలు తీయించమని ఇంజనీర్లు అడిగారు. అవసరం లేదన్నారు. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురు తిరిగిరాలేదు. ఆ దర్యాప్తు సంఘం ఛాలెంజర్ రాత్రిని గుర్తు చేసుకుంది. ప్రమాదం ఉందని రుజువు చేయాల్సిన బాధ్యత మళ్ళీ ఇంజనీర్ల నెత్తినే పడిందని రాసింది.

చలి వస్తుందని చెప్పడం వాతావరణ నిపుణుల పని, చెప్పారు. ఆ చలికి రబ్బరు ఏమవుతుందో చెప్పడం ఇంజనీర్ల పని, వాళ్ళూ చెప్పారు. ఆపగలిగే అధికారం ఉన్నవాళ్ళు మాత్రం ఆపడానికి ఈ కారణం చాలదన్నారు. ఎగరడానికి ఏ కారణం చాలిందో ఆ రాత్రి ఫోన్లో ఉన్న 34 మందిలో ఒక్కరూ అడగలేదు.